నీళ్లు తాగిన జేబు గడియారాలు

నిన్న యాప్రాల్‌లో మా మనవరాలు ఫోనును బకెట్లో పడేసుకుని, పైపైన తుడిచి, బియ్యం డబ్బాలో పాతిపెట్టి, ఇక దానికేం కాదు తాతా అని నాకే ధైర్యం చెబుతుంటే ఒళ్లు మండింది. ఆ పిల్ల మీద కాదు, నా మీదే. గడియారాలు బాగుచేసి బతికిన ఇంట్లో పుట్టి, అంతకంటే తెలివితక్కువ పని నేనూ ఒకప్పుడు చేశాను, పైగా దాని మీద అబద్ధం ఆడాను.

సికింద్రాబాద్ స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో మా నాయన దుకాణం ఉండేది. ఒకరు కూర్చుంటే రెండోవారు నిలబడాల్సిందే, అయినా తాతలనాటి జేబు గడియారాలు ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ అక్కడికే వచ్చేవి. చదువు అబ్బక నేను ఆయన పక్కన బల్ల వేసుకున్న కొత్తలో, ఆయన అన్నిటికంటే ముందు చెప్పింది ఒకటే: నీళ్లలో పడిన గడియారాన్ని ఎండబెట్టకూడదు, కీ ఇవ్వకూడదు, వెంటనే మూత విప్పి కిరోసిన్‌లో ముంచాలి, లేకపోతే లోపలి ఉక్కు తుప్పు పడుతుంది.

ఒక వానాకాలం, నాయన జ్వరంతో పడుకుని ఉండగా, మురుగు మోరీ పొంగి దుకాణంలోకి నీళ్లు వచ్చాయి. పొద్దున నేను షట్టర్ ఎత్తేసరికి కింది సొరుగులోని నాలుగు జేబు గడియారాలు మునిగి ఉన్నాయి. కిరోసిన్ డబ్బా ఖాళీ. పక్క హోటల్లో అడిగితే గ్లాసెడు దొరికేదే, కానీ నేను బద్ధకించి, వాటిని గుడ్డతో తుడిచి, మధ్యాహ్నం కాసిన ఎండలో డాబా మీద ఆరబెట్టాను. సాయంత్రం కీ ఇస్తే నాలుగూ టిక్కుటిక్కుమన్నాయి. నా అంత పనివాడు లేడనుకున్నాను.

"గాసునూనెల ఏసినవా బిడ్డా?" అని నాయన మంచంలోంచే అడిగాడు. కిరోసిన్‌ను ఆయన అలాగే అనేవాడు.

"ఏసిన నాయనా," అన్నాను, కళ్లలోకి చూసి మరీ.

జ్వరం వల్లనో, నా మాట మీది నమ్మకం వల్లనో, ఆయన విప్పి చూడలేదు. నీళ్లలో మునిగిన సంగతి చెప్పి ఎవరివి వాళ్లకు ఇచ్చేశాం. చలికాలం రాకముందే మూడు తిరిగి వచ్చాయి. మొదటిదాని మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని, నాయన చాలాసేపు చూశాడు. వెంట్రుకంత స్ప్రింగు ఎర్రగా పొడి రాలుతోంది. దాన్ని తెచ్చిన పెద్దమనిషితో, "తప్పు నాదే సాబ్, జెర మాఫ్ చెయ్యుండ్రి," అన్నాడు. మిగతా ఇద్దరి ముందూ అదే మాట. నేను స్క్రూలు ఏరుకుంటున్నట్టు నటిస్తూ తల వంచుకుని కూర్చున్నాను.

నాలుగోది బతికింది. రిటైరైన ఒక రైల్వే గార్డుది అది. ఏళ్లనాటి జిడ్డు గడ్డకట్టి ఉండడం వల్ల దాని ఉక్కుకు నీళ్లు అంటలేదు, అంతే, నా గొప్పేమీ లేదు. ఆయన మిఠాయి పొట్లంతో వచ్చి, "నీళ్లల్ల మునిగినా నిమిషం తప్పుతలేదు, నీ కొడుకు చెయ్యి సుత నీ చెయ్యే!" అని బజారంతా వినేటట్టు మెచ్చుకున్నాడు. నాయన ఆ మిఠాయి ముట్టలేదు.

అప్పటి నుంచి నా బల్ల మీదికి గోడ గడియారాలు, తెగిన బెల్టులే వచ్చాయి. ఇప్పుడా దుకాణంలో ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. వస్తువు ఎందుకు చెడిందని ఎవరూ అడగరు, కొత్తది కొనుక్కుంటారు. బాగుచేసేవాడి మాట మీద తాత సొత్తు వదిలి వెళ్లే కాలం పోయిందని మన ఈడువాళ్లం వాపోతుంటాం, కానీ దాన్ని పోగొట్టిన చేతుల్లో నాదీ ఒకటి.

చూపు మందగించాక నాయన, వచ్చిన జేబు గడియారాలను బేగంపేటలో ఇంకొకరి దగ్గరికి పంపేవాడు. కొడుకున్నాడు కదా అని ఎవరైనా అంటే, "మావోనికి ఈ పని రాదు సాబ్," అనేవాడు. నాకు పని వచ్చు. అది ఆయనకూ తెలుసు. నా మాట నమ్మలేనని అనకుండా, పని రాదన్న ఆ ఒక్క మాటతో, పోయేదాకా, నా అబద్ధం బయటపడకుండా కాచాడు.