సర్కస్ వల బాగుచేసిన మా అయ్య

సర్కస్‌లో ఊయల మీద ఎగురుతూ పదిహేడేళ్లు బతికాను. ఒక్క ఎముకా విరగలేదు. అంతా నా అదృష్టం అంటారు గానీ, నాకు మాత్రం అప్పా, అయ్యా గుర్తొస్తారు.

మాది గోపాలపురం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. గంజాం జిల్లా అప్పట్లో మద్రాసు ప్రభుత్వం కిందే ఉండేది. పన్నెండేళ్లకే అమ్మతో పాటు చేపల గంప నెత్తిన పెట్టుకుని బరంపురం నడిచేదాన్ని. ఒక ఏడు అక్కడి మైదానంలో సర్కస్ డేరా వేశారు. వాళ్ల వంటశాలలో అమ్మ చేపలు దింపుతుంటే, పక్కనే ఆటగాళ్లు సాధన చేసే ఇనుప కమ్మీ కనిపించింది. ఎవరూ చూడటం లేదనుకుని పట్టుకుని వేలాడాను.

ఒకామె చూసింది. ఊయల ఆట ఆడేవాళ్లందరికీ పెద్ద, విజయనగరం వైపు మనిషి. తరవాత ఆమెనే అప్ప అని పిలిచాను. మా వైపు అక్కను అలాగే అంటాం. ఆమె నా భుజాలు నొక్కి చూసి అమ్మతో అంది: "గంప మోసి గట్టిపడిందీ గుంట. నాకాడ ఒగ్గీ, నా కూతుర్నాగ సూసుకుంటాను."

అమ్మ పట్టుబట్టి పంపింది. అయ్య ఆపలేదు గానీ, మూడేళ్లు నాతో మాట్లాడలేదు.

మొదటి ఆరునెలలు అప్ప నన్ను ఊయల ముట్టనివ్వలేదు. పొద్దున్నే పరుగు, బస్కీలు, ఆపైన చోడి అంబలి, గుడ్లు, మధ్యాహ్నం నిద్ర. అంత కడుపునిండా నేనెప్పుడూ తినలేదు. నెలలో ఆ మూడు రోజులూ ఎవరినీ పైకి ఎక్కనిచ్చేది కాదు. ఒకసారి మణికట్టు బెణికితే దాచాను. కట్టు కడుతూ అంది: "నొప్పొస్తే సెప్పాల. సెప్పకపోతే నువ్వే కాదు, నిన్ను పట్టుకునే నానూ పడతాను."

మూడో ఏడు ఛత్రపూర్‌లో డేరా వేశాం. అంతకుముందు వానల్లో సామానంతా తడిసింది. ఊయల కింద కట్టే వలను చేత్తో లాగి చూశాను, ఇంట్లో అయ్య చేపల వల చూసినట్టు. నూలు పొడిపొడిగా రాలింది.

"ఏటి సూత్తన్నావు?" అంది అప్ప.

"సివికిపోనాది అప్పా. మనిషి పడితే ఆగదు."

మేనేజరు చూసి, పైకి బాగానే ఉందిగదా, ఆట ఆపొద్దన్నాడు. అప్ప నిదానంగా చెప్పింది: "వల బాగయ్యీదాకా నానెక్కను. నా గుంటా ఎక్కదు."

కొత్త వల కలకత్తా నుంచి రావాలి. ఈలోగా మా పల్లె నుంచి చేపలు తెచ్చే ఆడవాళ్లతో ఇంటికి కబురు పెట్టాను, వల బాగుచేయడానికి ఏ బంధువైనా వస్తాడని. మూడో రోజు జనపనార తాళ్ల మోపు భుజాన వేసుకుని అయ్యే వచ్చాడు.

నాలుగు రోజులు డేరాలో కూర్చుని చివికిన చోటల్లా కోసి అల్లాడు. నాలుగో రోజు మొదటిసారి నోరు విప్పాడు.

"ఎంతెత్తు నుంచి పడతారు?"

ఊయల చూపించాను. చాలాసేపు పైకే చూశాడు. అప్పటిదాకా వేసిన ముడులన్నీ విప్పి, మళ్లీ జోడు తాడుతో వేయడం మొదలుపెట్టాడు. మరో మూడు రోజులు పట్టింది.

ఆట మొదలైన రోజు ముందు బల్ల మీద కూర్చున్నాడు. రెండోసారి ఎగిరినప్పుడు నా చెయ్యి అప్ప చేతిలోంచి జారింది. వల నన్ను పట్టుకుని, కిందికి దిగి, మళ్లీ పైకి విసిరింది. నేను లేచి నిలబడేసరికి అయ్య వల అంచు దగ్గరున్నాడు.

"ఏటైనా దెబ్బ తగిలిందా?"

"లేదయ్యా."

"మరైతే మల్లీ ఎక్కు. ఇప్పుడెక్కకపోతే బయ్యం ఉండిపోద్ది."

ఎక్కాను. అప్ప పట్టుకుంది.

ఆ తరవాత ఏటా వానలు వెళ్లగానే డేరా ఎక్కడుంటే అక్కడికి రైలెక్కి వచ్చి, వలంతా తడిమి చూసి వెళ్లేవాడు.

అప్పకు అయినవాళ్లెవరూ లేరు. ఆట మానాక మా పల్లెకే వచ్చేసింది. అమ్మ ఆమెకు చేపల పులుసు వండిపెట్టేది. పొద్దున్నే ఇసుకలో చేతులూపుకుంటూ గబగబా నడిచే అప్పను చూసి మొదట్లో ఆడవాళ్లు నవ్వారు. ఏడాది తిరిగేసరికి ఆమె వెనక ఎనిమిదిమంది నడిచేవారు, నడుము నొప్పి తగ్గిందని చెప్పుకుంటూ.