చెల్లెలి మడమ

మా ఇంట్లో కడప బండలు పరిచి ఉంటాయి. స్నానాల గది నుంచి వంటింటికి ఏడెనిమిది అడుగులు. ఆ నల్లబండల మీద తడికాలు పెడితే అచ్చు బాగా కనిపిస్తుంది. మా చెల్లెలు నడిచి పోతే కుడికాలి అచ్చు నిండుగా పడేది. ఎడమకాలిది కొంచెం పలచగా, మడమ దగ్గర సన్నగా పడేది. ఆ సన్నటి మడమ పడడానికి మా అమ్మ ఇరవై ఆరేళ్ళు పనిచేసింది.

చెల్లెలు నెలలు నిండకుండా పుట్టింది. లోపం కాలిలో లేదు. కండను వదులుగా ఉండమని మెదడు పంపే కబురు ఎడమకాలికి సరిగ్గా అందదు. అది మాకు అర్థం కావడానికి ఏళ్ళు పట్టింది. చిన్నప్పుడు చుట్టాలు ఆ కాలు పట్టుకుని, "ఎంత గట్టిగా ఉండాదో సూడు, ఈ పిల్ల బాగా నడుస్తాది" అనేవాళ్ళు. గట్టిగా ఉంటే బలమని మేమూ అనుకున్నాం. ఆ పిక్కకు విశ్రాంతి తెలీదు, అలాగని బలమూ లేదు. అది మడమను ఎప్పుడూ పైకే లాగేది. చెల్లెలు మునివేళ్ళ మీద నడిచేది. పన్నెండేళ్ళప్పుడు ఒక్కసారిగా పొడుగైంది. ఎముక పెరిగినంతగా పిక్క కండ పెరగలేదు. మడమ మరింత పైకి పోయింది. అప్పటి నుంచి ఇరవై ఆరేళ్ళపాటు రోజూ పొద్దున అమ్మ ఆ పాదాన్ని చేతిలోకి తీసుకుని సాగదీసేది. పడుకునేటప్పుడు పిక్క వెనక నుంచి అరికాలి దాకా వచ్చే ప్లాస్టిక్ స్ప్లింట్ కట్టేది. అదుంటే నిద్రలో పాదం కిందికి వాలిపోకుండా నిలిచి ఉంటుంది. పొద్దున విప్పి అమ్మ తన మంచం కిందే పెట్టుకునేది.

నాయన చాలా ఏళ్ళ కిందటే పోయాడు. పోయిన ఎండాకాలం అమ్మ కూడా గుండెపోటుతో పోయింది.

మూడోనాడు మా పెద్దమ్మ అమ్మ పరుపు, దిండు, చెప్పులు, నాలుగు చీరలు మూటగట్టి పంపించేసింది. పోయినవాళ్ళు వాడినవి ఇంట్లో ఉంచుకోరు కదా. ఆ మూట గేటు దాటడం నేను చూశాను. అందులో ఏముందో చూడలేదు. ఆ తర్వాత పదహారో రోజు దాకా ఇల్లు చుట్టాలతో నిండి ఉంది. చెల్లెలు లేచినప్పుడల్లా ఎవరో ఒకరు, "నువ్వు కూసోమ్మే, నీకేం కావాలో చెప్పు, మేం తెస్తాం" అన్నారు. ప్రేమతోనే అన్నారు. ఆమె కూర్చుంది.

అందరూ వెళ్ళిపోయాక ఒకరోజు పొద్దున నేను నేల తుడుస్తూ ఉంటే, చెల్లెలు స్నానం చేసి నా ముందు నుంచి నడిచి పోయింది. బండ మీద చూశాను. ఎడమకాలికి ఐదు వేళ్ళు, వాటి వెనక కొంచెం తడి. అంతే. మడమ లేదు.

"నీ స్ప్లింట్ యాడుండాది?" అన్నాను.

"పోయింది."

"యాడికి పోయింది?"

"అమ్మ పరుపుతో పాటే పోయింది. అమ్మకు ఆస్పత్రిలో ఇచ్చిందనుకుని పెద్దమ్మ మూటలో ఏసేసింది."

"నాకు చెప్పల్యా?"

"అందరూ అమ్మ కోసం ఏడుస్తా ఉంటే, నా కాలికి పట్టీ కావాలని అడగాల్నా?"

ఆమె అడగనక్కర్లేదు. నేనే చూసుండాలి.

కార్వేటినగరంలో ఉన్న పెద్దమ్మకు ఫోన్ చేస్తే ఆమె ఏడ్చింది. "అయ్యో నాయనా, నా చేత్తోనే ఏసినానే. ఆ పిల్ల కాలు బాగైతే అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతా" అని మొక్కుకుంది. చెల్లెలు నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "పెద్దమ్మా, నీ మోకాళ్ళతో నువ్వు ఎక్కితే సగం దావలో నిన్ను నేను ఎత్తుకోవాల. నా కాలి మీద అంత బరువు పెట్టాకు." అవతల ఏడుపు ఆగి నవ్వు వినిపించింది.

మరుసటి రోజు పొద్దున నేనే కాలు పట్టుకున్నాను. మడమ ఎంత పైకి పోయిందో తెలిశాక నాకు తొందర పుట్టింది. పాదాన్ని గట్టిగా, ఒక్క ఊపున పైకి నెట్టాను. పిక్క రాయిలా బిగుసుకుంది. పాదం నా చేతిలోనే కిందికీ పైకీ టకటక కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆపితే ఆగదు.

"బోరింగు కొడతాండావా న్నా?" అంది చెల్లెలు. నవ్వుతూనే అంది కానీ నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ వారమే తిరుపతి ఆస్పత్రికి వెళ్ళాం. ఫిజియోథెరపీ చేసే ఆమె మా చెల్లెలి కంటే చిన్నది. నా చెయ్యి తీసి చెల్లెలి పిక్క మీద పెట్టించింది. "గబుక్కున నెడితే ఏమవుతాదో చూడండి సార్" అని పాదాన్ని వేగంగా కదిపింది. నా అరచేతి కింద కండ ఎగిరి పట్టుకుంది. "ఇప్పుడు నిదానంగా." ఈసారి పాదం చాలా దూరం వచ్చింది. కండ అడ్డం పడలేదు. "ఇది నరాల బిగుతు. తొందరపడితే ఎదురు తిరుగుతాది, నిదానంగా పోతే వదుల్తాది." తర్వాత ఒక చోట పాదం ఆగిపోయింది. "ఇక్కడ చూడండి, ఎంత నిదానంగా పోయినా రాదు. ఇది బిగుతు కాదు. కండే పొట్టిదైపోయింది. సాగే పని లేకుండా అట్లే పెడితే, తను ఉన్న పొడవే తన పొడవనుకుంటాది."

ఇన్నేళ్ళూ ఆ రెండూ ఒకటే అనుకున్నాను.

పాదాన్ని వచ్చినంత దూరం తెచ్చి సిమెంటు కట్టు వేస్తారు. వారం తర్వాత విప్పి, ఇంకొంచెం తెచ్చి మళ్ళీ వేస్తారు. అలా నాలుగు వారాలు. ఆ తర్వాత కొత్త స్ప్లింట్, రోజూ సాగదీయడం. అప్పటికీ మడమ దిగకపోతే పిక్కను మడమకు కలిపే స్నాయువును పొడుగు చేసే ఆపరేషన్ గురించి ఆలోచించాలన్నారు.

"ఆపరేషన్ అయితే ఎన్నాళ్ళు నిలబడకూడదు?" అని అడిగింది చెల్లెలు.

"నెలలు పట్టచ్చు. మళ్ళీ మునుపటంత నడక వస్తాదని ఎవరూ ముందే చెప్పలేరు."

చెల్లెలు చిత్తూరులో కోర్టు దగ్గర జిరాక్స్ షాపులో పనిచేస్తుంది. పొద్దున నుంచి సాయంత్రం దాకా మిషన్ ముందు నిలబడే పని. ఇంటి నుంచి అక్కడికి ఎవరి తోడూ లేకుండా నడిచి పోతుంది. ఆమె లెక్కలో తన బతుకంటే అదే.

నాలుగు వారాలు బస్సులో తిరిగాం. ఆఖరి కట్టు విప్పాక పాదం చదునుగా వచ్చింది. కానీ నడిస్తే మడమ దిగలేదు. కాలికి చోటు దొరికింది గానీ దాన్ని వాడడం తెలియడం లేదు. అది రోజూ చేస్తేనే వస్తుందని, పాదాన్ని పట్టుకున్న ప్రతిసారీ ముప్పై దాకా నిదానంగా ఎంచమని ఫిజియోథెరపీ ఆమె చెప్పింది.

ఎంచాను. వారం గడిచినా పిక్క నా చేతికి వదల్లేదు.

"అమ్మ ఎంచేది కాదు న్నా" అంది చెల్లెలు. "నువ్వు ఎంచతా ఉంటే ఎప్పుడయిపోతాదా అని చూస్తా ఉంటా. కాలు ఇంకా బిగుసుకుంటాది."

"మరి అమ్మ ఏం చేసేది?"

"మాట్లాడేది. ఈరోజు ఏం వండాలని. మాట అయిపోతే కాలు దించేది."

అమ్మ మాటలు నేను విన్నవే. పక్క గదిలో చదువుకునేవాణ్ణి. ఆ మాటలు అడ్డమని తలుపు దగ్గరికి వేసుకునేవాణ్ణి. అవి చెల్లెలి కాలికి కొలత అని నాకెప్పుడూ తట్టలేదు.

మరుసటి రోజు పాదం పట్టుకుని, "ఏం వండాల?" అన్నాను.

"నువ్వే చెప్పు."

"పప్పు."

"అంతేనా? ఏ ఆకు ఏయాల, ఆ ఆకు యాడ కొనాల, ఆకులమ్మే ఆమె కూతురికి నెల తప్పిందా లేదా, అంతా చెప్పేది అమ్మ. నువ్వు పప్పనేసి నోరు మూసుకుంటే నా కండ యాడ సాగుతాది?"

నాకు మాట్లాడడం రాదు. పుస్తకాలు చదవడం వచ్చు, వాటి గురించి అడిగితే జవాబు చెప్పడం వచ్చు. ఆకుకూర గురించి ముప్పై అంకెలంత సేపు మాట్లాడడం రాదు. రెండు రోజులు బెండకాయలతో, చింతచిగురుతో గడిపాను. మూడోరోజు చెప్పడానికి కూరలు అయిపోయాయి. అప్పుడు అమ్మ గురించి మొదలుపెట్టాను. మొట్టమొదట స్ప్లింట్ తెచ్చిన రోజు అమ్మ దాన్ని ముందు తన కాలికే కట్టుకుని చూసింది. ఎక్కడ ఒత్తుతుందో తెలియాలని. సాయంత్రం దాకా కుంటుతూనే వంట చేసింది. చెల్లెలికి అది తెలియదు. నేను మర్చిపోయాననుకున్నాను. చెప్పడం అయ్యేసరికి పాదం నా చేతిలో ఎప్పుడు వదులైందో, ఎంత దూరం వచ్చిందో ఇద్దరం గమనించలేదు.

"అమ్మ కాలు పెద్దది కదా, పట్టిందా అది?" అంది చెల్లెలు.

"పట్టలా. రెండు పట్టీలు తెగినాయి. 'మీ నాయనకు చెప్పాకు' అనింది అమ్మ."

అమ్మ పోయినప్పటి నుంచి ఆమె గురించి నేను ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళకు "అవునండీ, గుండె" అని మాత్రం చెప్పేవాణ్ణి. ఇప్పుడు రోజూ పొద్దున ఒక పాదం పట్టుకుని చెప్పాల్సి వచ్చేది. చేతులు కదిలించకూడదు, తొందరపడకూడదు, మాట మధ్యలో ఆపకూడదు. కళ్ళు తుడుచుకోవాలన్నా పాదం వదలకూడదు. అది నాకు మంచే చేసింది.

వానాకాలం మధ్యలో చెల్లెలు మళ్ళీ షాపుకు వెళ్ళడం మొదలుపెట్టింది. మొదట సగం రోజు, ఓనరు ఒక స్టూలు వేయించాడు. కార్తీకం వచ్చేసరికి స్టూలు మీద కాగితాల కట్టలు పెట్టుకుంటోంది.

ఒకరోజు నేను వంటింట్లో టీ పెడుతున్నాను. చెల్లెలు స్నానం చేసి నా పక్కగా వెళ్ళింది. తర్వాత పాలగిన్నె కోసం తిరిగాను. బండల మీద కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఎడమ వేళ్ళ వెనక ఖాళీ. రెండో ఎడమకూ అంతే. వంటింటి గడప దగ్గర, ఆమె నిదానించి ఒక క్షణం నిలబడిన చోట, వేళ్ళ వెనక సన్నటి వంపు, దాని వెనక చిన్నగా, గుండ్రంగా మడమ.

"ఇట్లా రా, సూడు" అని పిలిచాను.

వచ్చింది. గోడకు చెయ్యి ఆనించి వంగి చూసింది.

"ఒగటే పడిందే" అంది.

"ఒగటి పడింది కదా."

"తుడిచెయ్యి న్నా, జారి పడతావు. నీ కాలు విరిగితే నా కాలు ఎవరు పడతారు?"

తుడవలేదు. కడప బండ తడిని తొందరగా తాగుతుంది. టీ పొంగేలోపు వేళ్ళు ఆరిపోయాయి, మడమ ఇంకా ఉంది. ఆమె టీ తాగి, చాప మీద కూర్చుని, ఎడమకాలు చాపి నా కోసం చూసింది.

"ఈరోజు ఏం వండాల?" అంది.