ఎవరూ ముట్టుకోని టేబుల్

ఆఫీసులో డేటాబేసు చూసుకునే పెద్దమనిషికి వెనకాల "ఎవరుమార్చారు గారు" అని పేరు పెట్టారు. పొద్దున్నే కుర్చీలో కూలబడి ఆయన అనే మొదటి మాట అదే మరి. నిన్నటిదాకా సరిగ్గా ఉన్న టేబుల్లో ఇవాళ ఒక కాలమ్ మాయమవుతుంది, రిపోర్టులు ఆగిపోతాయి, తిట్లేమో ఆయనకి పడతాయి. ఎవర్ని అడిగినా, "నేను ముట్టుకోలేదండీ" అంటారు. ఆయన కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంటాడు. ఇంట్లో ఉప్పు డబ్బా చోటు మారినా అదే ప్రశ్న. "దానికీ కాపలా పెట్టుకోండి," అంటుంది భార్య.

చివరికి ఆఫీసులో నిజంగానే కాపలా పెట్టాడు. ఎవరు ఏ టేబుల్ని కదిపినా పేరుతో సహా పట్టిచ్చే ట్రేస్ అది. మర్నాడు ఆశగా తెరిచి చూస్తే, ప్రతి మార్పు పక్కనా ఒకే పేరు. అది ఆయనదే. అనుమతుల కోసం వచ్చి ప్రాణాలు తోడేస్తున్నారని, ఒకప్పుడు తన పాస్‌వర్డే ఒకరికి చెప్పి ఊరుకున్నాడు. అది ఎన్ని చెవులు తిరిగిందో. పళ్లు నూరుతూ అప్పటికప్పుడే పాస్‌వర్డ్ మార్చేశాడు. చల్లారిపోయిన టీ గ్లాసు అందుకునేలోపే ఆయన బల్ల ముందు వరస కట్టారు, ఇన్నాళ్లూ ఏమీ ముట్టుకోని వాళ్లందరూ. వరస చివర నిలబడ్డ మేనేజరు మెడ సాచి విసుగ్గా అడిగాడు.

"పాస్‌వర్డ్ పనిచెయ్యట్లేదేంటయ్యా, ఎవరు మార్చారు?"