గీతలమ్మ గీసిన రైళ్లు

మా పెద్దమ్మ రైల్వే ఆఫీసులో రైళ్ల రాకపోకలు గీసేది. గళ్ల కాగితం మీద అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు, ఒక్కో రైలుకు ఒక్కో ఏటవాలు గీత. మాది సింగిల్ లైను. రెండు గీతలు స్టేషను కాని చోట కలిశాయంటే రెండు రైళ్లు గుద్దుకున్నట్టే. పదకొండేళ్లలో ఆమె గీత ఒక్కటీ తప్పలేదు. ఆఫీసులో ఆమెను గీతలమ్మ అనేవారు.

యుద్ధం పడమట జరుగుతోంది. పెదనాన్న పటాలం ఉన్నది తూర్పు సరిహద్దులో. పొరుగుదేశం ఎప్పుడు మీద పడుతుందోనని నాలుగు డివిజన్ల సైన్యం అక్కడ కాపలా ఉండేది. రెండేళ్లలో ఒక్క తుపాకీ పేలలేదు. "మాకు ఇక్కడ శత్రువులు దోమలే" అని పెదనాన్న రాసేవాడు.

ఒక సాయంత్రం ఆ పొరుగుదేశంతో ఒప్పందం కుదిరిందని రేడియో చెప్పింది. ఒకరి మీదికి ఒకరు రాకూడదు, ఒకరి యుద్ధంలో ఒకరు తలదూర్చకూడదు. నాయనమ్మ తడి చేతులతోనే వంటింట్లోంచి వచ్చింది.

"ఇక మావాడు ఇంటికొచ్చేస్తాడే" అంది.

పెద్దమ్మ లేచి రేడియో కట్టేసింది.

మర్నాడు ఆఫీసుకు మిలిటరీ అధికారి వచ్చాడు. "తూర్పున ఇక భయం లేదమ్మా. మూడు డివిజన్లు పడమటికి పోవాలి. తొమ్మిది రోజుల్లో నలభై రైళ్లు. పడమటి శత్రువు పసిగట్టేలోపు దింపేయాలి. బయట ఎక్కడా నోరు మెదపకండి."

"మా ఆయన అక్కడే ఉన్నారండీ."

"మా తమ్ముడూ అక్కడే ఉన్నాడమ్మా."

ఆమె ఎర్ర పెన్సిలు చెక్కుకుంది. పద్దెనిమిదో రైలు పెదనాన్న పటాలానిది. మా స్టేషన్లో ఇంజనుకు నీళ్లు పట్టడానికి ఆరు నిమిషాలు చాలు. ఆమె పన్నెండు పెట్టింది.

ఆ రైలు ఆగేసరికి పెద్దమ్మ ప్లాట్‌ఫారం మీద ఉంది. పెదనాన్న పెట్టె తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"చిక్కిపోయావేంటి?" అన్నాడు.

"మీరే నల్లబడ్డారు."

"ఎక్కడికో చెప్పడం లేదు. సెలవు మీద ఇళ్లకేనని మావాళ్లు పందేలు కాస్తున్నారు. నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుస్తుందండీ" అంది పెద్దమ్మ.

రైలు నిమిషం తేడా లేకుండా కదిలింది. పడమట మనవాళ్లు గెలిచారు. ఆ వార్త వచ్చిన వారానికి పెదనాన్న పోయాడని తంతి వచ్చింది. పెద్దమ్మ రెండు రోజులు సెలవు పెట్టి, మూడోనాడు పనిలోకి వెళ్లింది.

ఏడాది తిరక్కుండానే పొరుగుదేశం మాట తప్పి సరిహద్దు దాటింది. తూర్పున మిగిలిన ఒక్క డివిజను నిలవలేకపోయింది. పడమటికి వెళ్లినవాళ్లను వెనక్కి రప్పించాలన్నారు. ఎన్ని రైళ్లని పెద్దమ్మ అడిగింది. నలభై రైళ్లలో వెళ్లినవాళ్లకు పందొమ్మిది సరిపోతాయన్నారు.

పెద్దమ్మ అవన్నీ గీసిచ్చి ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా నాయనమ్మ మంచం మీద పడి ఏడ్చింది. నాయనమ్మ వచ్చి కాళ్ల దగ్గర కూర్చుని, ఆ చెప్పులు తీసి పక్కన పెట్టింది.