హైమవతి సినిమాలో చీకటి

దేశంకాని దేశంలో, టాంపినీస్ పేటలోని ఫ్లాట్‌లో, పదకొండేళ్లు పడగ్గదిలో హైమవతి "వద్దు" అన్నప్పుడల్లా భర్త నవనీత్ "ఆగు, ఇంకా అవ్వలేదు" అనేవాడు. బ్యాంకులో, గుడిలో అతనికి మంచి పేరు.

విడాకులయ్యాక ఆమె కెమెరా పట్టింది. ఆడవాళ్ల కోరికల మీద పెద్దలకు మాత్రమే సినిమాలు తీసింది. ఇక్కడి తెలుగువాళ్లలో అలాంటివి తీసిన మొదటి మనిషి ఆమే. అందరూ పేరంటాలకు పిలవడం మానేశారు. పీడా పోయిందనుకుంది. ఆమె షూటింగులో నటి "వద్దు" అంటే కెమెరా ఆగాల్సిందే.

కొత్త సినిమా మొదటి ఆటకు నవనీత్‌కు టికెట్ పంపింది. తన గురించి ఏం తీసిందోనని వచ్చాడు. తెరమీద పడగ్గదిలో భార్య "వద్దు" అంది. తెర నల్లబడింది. ఆమె ఊపిరి మాత్రమే వినిపిస్తోంది. ఐదు నిమిషాలైనా వెలుతురు రాలేదు. నవనీత్ లేచాడు.

పక్క సీట్లోంచి హైమవతి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆగు, ఇంకా అవ్వలేదు."