మాస్టారి కెల్లర్ కిటికీలు

మాస్టారు పోయారన్న కబురు తెల్లారేసరికి మా కార్ల్స్‌రూహె తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఉంది. నేను కాఫీ కలుపుకునేలోపే చేతులు జోడించిన బొమ్మలతో తెర నిండిపోయింది. "మా పిల్లలకు అక్షరభిక్ష పెట్టిన మహానుభావుడు" అని ఒకావిడ రాసింది. చదివి ఒళ్ళు మండింది. జూమ్‌లో సంతాప సభ పెడతారట, నాలుగు మంచి మాటలు రాసిమ్మని నన్నడిగారు. ఆయన గురించైతే మంచి మాటలే రాస్తాను. మిగతావాళ్ళ గురించి హామీ ఇవ్వలేను.

ఆయన నిజానికి బడిపంతులు కాదు. ఎప్పుడో డెబ్బైల్లో కాకినాడ నుంచి వచ్చి, ఇక్కడ జర్మనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయాక, ట్రాము ఆఖరి స్టాపు దగ్గరున్న తన పాత ఇంటి కెల్లర్లో, అంటే నేలమాళిగలో, ఆదివారాలు మా పిల్లలకు తెలుగు నేర్పేవారు. పిల్లలు జర్మన్‌లో ఏదైనా అడిగితే, "నాకు చెవుడమ్మా, జర్మన్ వినపడదు" అనేవారు, నవ్వకుండా.

కరోనాతో క్లాసు ఆగింది. ఆంక్షలు సడలాక మళ్ళీ మొదలుపెడదామంటే, ఇందాక చెప్పిన ఆవిడే, "మాస్టారూ, ఆ కెల్లర్ల గాలెక్కడుంది? పిల్లల్ని ఎట్ల పంపుతం?" అంది. మాట అబద్ధం కాదు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు కట్టిన ఇల్లది. ఇనుప చట్రాల కిటికీలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి, వాటికి ఎలుకలు రాకుండా కొట్టిన చిల్లుల రేకు ఒకటి. ఆయన నొచ్చుకోలేదు. "నిజమే కదమ్మా. కిటికీలు మార్చేస్తే వస్తారు" అన్నారు. ఆ ఏడాదంతా ఆ ఆశతోనే బతికారు.

కిటికీల షాపులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికినప్పుడు నన్నూ తోడు రమ్మన్నారు. కెల్లరుకు పైఅంచు మాత్రం కాస్త లోపలికి వాలే చిన్న కిటికీ చాలన్నాడు షాపతను. "సామాన్లకైతే చాలు. నా సామాన్లు ఊపిరి పీలుస్తాయి" అన్నారు మాస్టారు. పూర్తిగా తెరుచుకునేవే కావాలి. చెక్క వద్దు, చెమ్మకు ఉబ్బుతుంది. మసక గాజు వద్దు, అక్షరాలకు వెలుగు కావాలి. పాత గోడల్లో ఏ రెండు కంతలూ ఒక కొలత కావని, ఒక్కోదానికీ తనే టేపు పట్టారు. గాజు కొరతని చెప్పి షాపువాళ్ళు డెలివరీని నెలల తరబడి వెనక్కి జరిపారు. నేను విసుక్కుంటే, "కిటికీ పెట్టడం వరకే మన పని తల్లీ. గాలి దానంతటదే వస్తుంది" అనేవారు.

చివరికి బిగించారు. అవి పైకప్పుకు దగ్గరగా ఉంటాయి కాబట్టి, పిల్లలకు అందాలని ప్రతి కిటికీ కిందా ఒక ఎత్తు పీట చేసి రంగు వేశారు. గ్రూపులో ఫొటోలు పెడితే అందరూ మెచ్చుకున్నారు. ఆదివారం మా అమ్మాయి ఒక్కతే వెళ్ళింది. ఒకరి పిల్లలకు స్విమ్మింగట. ఇంకొకరికి ఆన్‌లైన్ క్లాసే "కంఫర్టబుల్‌గా" ఉందట. గాలి లేదన్నావిడ ఆ వారమే కొడుకు పుట్టినరోజు చేసింది. కిటికీలన్నీ మూసిన హాల్లో పిల్లలందరూ కేకు తింటున్న ఫొటోలు అదే గ్రూపులో పెట్టింది. ఆవిణ్ణి కడిగేద్దామనుకున్నాను. "పోనీలేమ్మా, చలి తగ్గాక వస్తారు" అని మాస్టారే ఆపారు.

చలి తగ్గింది, ఎవరూ రాలేదు. ఆయన మాత్రం ప్రతి ఆదివారం కిటికీలన్నీ తీసి, నా కూతురొక్కదానికే పాఠం చెప్పారు. పాఠం చెబుతూ మెట్లవైపే చూసేవారని అది నాతో అనేది.

పోయిన ఆదివారం క్లాసయ్యాక గుండెనొప్పితో ఆసుపత్రికి వెళ్ళారు. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. ఫోన్‌లో, "కిటికీలు మూయకుండానే వచ్చేశానమ్మా. తాళంచెవి నీ దగ్గరుందిగా" అన్నారు. అదే ఆఖరి మాట.

నిన్న వాటిని మూయడానికి వెళ్ళాం. మా అమ్మాయి తన పీట ఎక్కి చెయ్యి చాపింది. చక్కగా అందింది. కాసేపు తెరిచే ఉండనీ అన్నాను. దాని పీట మీద బూటు గీతలున్నాయి. మిగతా పీటల మీద వేసిన రంగు వేసినట్టే ఉంది. ఖాళీ బెంచీల మీదుగా గాలి మాత్రం ధారాళంగా వస్తోంది.