మా ఊరి నాలుగు బండ్లు

మా అన్న సుధాకర్ ఏం చదువుతున్నాడని ఎవరైనా అడిగితే, ఏదో పని గుర్తొచ్చినట్టు మా ఇంట్లో అందరం లేచి వెళ్ళిపోయేవాళ్ళం. వికారాబాద్‌లో హైస్కూలు చదివినంతకాలం చెప్పుకోవడానికి బాగానే ఉండేది. 1964లో హైదరాబాద్ వెళ్ళి, అక్కడి విశ్వవిద్యాలయంలో అప్పుడే తెరిచిన ఆపరేషన్స్ రీసెర్చ్ శాఖలో చేరాడు. శాఖంటే గణితం వాళ్ళను బతిమాలి తెచ్చుకున్న ఒక గది, ఇద్దరు మాస్టార్లు, గుప్పెడుమంది పిల్లలు. ఏ పనైనా తక్కువ తిప్పలతో, తక్కువ ఎదురుచూపుతో ఎలా చేయాలో లెక్కగట్టే చదువట. దానికి చదువెందుకని మా నాయన కిష్టయ్య ప్రశ్న. నాకూ అదే అనుమానం, కానీ అన్నను వెనకేసుకురావడం చెల్లెలి ధర్మం.

తాండూరు గంజ్‌కు, అదే గింజల మార్కెట్‌కు, కందులు తోలిన రోజు నాయన దీపాలు పెట్టాకే ఇల్లు చేరేవాడు. తూకం వేసే కాంటా దగ్గర బండ్లు అంతంత బారులు తీరేవి.

"గంజ్ దినం నన్ను పొద్దుగూకకముందే ఇంటికి తెస్తె చదువుకో. లేకుంటె వచ్చి నాగలి పట్టు," అన్నాడు నాయన.

ఆ ఒక్క గదంటే అన్నకు ప్రాణం.

అన్న ఈ సంగతి చెబితే మాస్టార్లు గంజ్ వాళ్ళను ఒప్పించారు. ఆ శాఖ తలపెట్టిన మొదటి పని అదే. అన్న ఊరూరా తిరిగి బండికో బిళ్ళ పంచాడు. ఏ బండి ఏ వేళకు కాంటా ఎక్కాలో దాని మీద ఉంటుంది. నాయనకు పొద్దున వేళ పడింది, మా ఊరి నాలుగు బండ్లలో చివరిదైన బీరయ్య బండికి సాయంత్రం. ఆ రోజు మధ్యాహ్నం నుంచే అన్న వాకిట్లో కాచుకున్నాడు. పొద్దుగూకింది. అమ్మ దీపం పెట్టింది. అప్పుడొచ్చాయి బండ్లు, నాలుగూ కలిసి.

"నా కాంటా పొద్దుగాల్నే అయింది. బీరయ్యను ఇడిసిపెట్టి ఎట్లొస్త?" అన్నాడు నాయన.

అన్న తల పట్టుకున్నాడు. గంజ్ దారిలోని వాగులో చక్రం దిగబడితే పక్క బండి ఎద్దులే లాగాలి. అందుకే కలిసి పోయినవాళ్ళు కలిసే రావాలని మా ఊరి కట్టుబాటు. చిన్నప్పుడు ఆ బండ్లలో ఖాళీ సంచుల మీద నిద్రపోతూ వచ్చినవాడే అన్న. కాగితం ముందు కూర్చోగానే ఏ బండికా బండే అనుకున్నాడు. నాకు ఒళ్ళు మండి, అన్నను నోటికొచ్చినట్టు కడిగేశాను.

ఇంకొక్క వారం ఆగమని మాత్రం అన్న నాయనను అడిగాడు. నాయన ఆగాడు. నాగలి కర్రు మాత్రం కమ్మరి దగ్గర సాగగొట్టించుకొచ్చి, నాగలిని గోడకు ఆనించి పెట్టాడు.

మరుసటి వారం అన్న బిళ్ళలు బండికి కాదు, ఒక ఊరి బండ్లన్నీ ఒకే వేళకు కాంటా ఎక్కేలా ఊరికి ఇచ్చాడు. మా ఊరి వంతు మధ్యాహ్నం. హైదరాబాద్ రైలు ఆ సాయంత్రమే. ఇనప పెట్టె సర్దాలో విప్పాలో తెలియక అన్న దాని మీదే కూర్చున్నాడు.

బారెడు పొద్దుండగానే ఎద్దుల గంటలు వినిపించాయి. అమ్మకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. గంజ్ రోజు ఈ వేళకు ఆమె ఎన్నడూ పొయ్యి ముట్టించలేదు. నాయన బండి విప్పలేదు.

"పెట్టె తే. రైలుకింక టైముంది," అన్నాడు.

పెట్టెను తనే పైకెక్కించాడు. వెనక బీరయ్య బండి కదిలింది, దాని వెనక మిగతా రెండూ. ఒక్క బండి చాలు గదా అని అన్న అనబోయి మానుకొని, పెట్టె పక్కన ఎక్కి కూర్చున్నాడు.